ప్లాంట్లు కడుతున్నరు, మంచిదే. మన తూము కాడి లెక్క ఎవరు చెప్తరు?



ఇయ్యాల పోస్టు జర పొడుగే ఉంటది, ముందే చెప్తున్న. పొద్దుగూకినంక పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, మంచంల ఒరిగి ఫోన్ చూసే టైంల నిమ్మళంగ చదువుండ్రి. మూసీ ఆయకట్టు రైతులు తప్పకుండ చదవాలె. మూసీ లేని ఊరోళ్లు కూడా చదవాలె. ఎందుకంటే పట్నాలు పెరుగుతున్నయి, పట్నంతోపాటు మురుగు పెరుగుతున్నది. అది ఏదో ఒక రైతు మడిల పడాల్సిందే. ఇయ్యాల మాకు వచ్చింది, రేపు మీ ఊరికి రావచ్చు.

సంగతేందంటే, మొన్న మా ఊరి హోటల్ కాడ చాయ్ తాగుకుంట ముచ్చట పెట్టినం. ఒక పిలగాడు ఫోన్ చూసి "హైదరాబాద్‌ల 31 కొత్త మురుగు శుద్ధి ప్లాంట్లు కడుతున్నరు బాపూ, ఇగ మూసీ మంచిగైతది" అన్నడు. అందరం సంబురపడ్డం. మూలకు కూసున్న ముసలాయన ఒక్కడు మాత్రం నవ్విండు. "నీళ్లు గలీజుగ ఉన్నయి కాబట్టి ఇన్నేండ్లు మనకు ఇడిసిన్రు. మంచిగైనంక ఇడుస్తరా?" అన్నడు.

ఎవరికీ జవాబు దొరకలే. నాకు ఆ రాత్రి నిద్ర సరిగ పట్టలే. అందుకే రాస్తున్న.

నాది రెండెకరాల ఇరవై గుంటలు, వలిగొండ దిక్కు, మూసీ కత్వ నుంచి వచ్చే కాలువ కింద. చిన్నప్పుడు మా అమ్మ నన్ను వెంటబెట్టుకొని ఏటికి పోయేది. ఇసుకల చెలిమె తీసి, నీళ్లు తేరుకునేదాకా కూసొని, బిందె నింపుకొని వచ్చేది. అవే తాగినం. నేను ఇంటర్ చదివే నాటికి ఆ ఇసుకల కాలు పెడితే నల్ల బురద. ఇగ ఇప్పుడు చెప్పుడే అవసరం లేదు. కత్వ మీది నుంచి నీళ్లు దుంకిన కాడ తెల్ల నురుగు, చెరువు నిండా గుర్రపుడెక్క, మడిల దిగితే మోకాలి దాకా దురద. నాట్లకు పక్క ఊరి నుంచి కైకిలోళ్లను పిలిస్తే "మూసీ నీళ్లా? అయితే ఎక్కువియ్యి" అంటరు. వాళ్లది తప్పు కాదు. పుండ్లు వాళ్ల కాళ్లకు కదా.

కానీ నిజం మాట్లాడాలె. మనం మూసీని ఒక్క తీరుగ తిట్టలేం. కరువు సాలల్ల పక్క మండలాలల్ల బోర్లు ఎండి, పొలాలు బీడు పడ్డయి. మనకు మాత్రం రెండు పంటలు పండినయి. నా బిడ్డ పెండ్లి ఆ మురుగు నీళ్లతోటే చేసిన. కొడుకు డిగ్రీ ఫీజు ఆ నీళ్లతోటే కట్టిన. పట్నపోడు రోజూ స్నానం చేస్తడు, రోజూ గిన్నెలు కడుగుతడు. కాబట్టి మన కాలువ వానలతోటి పని లేకుండ పారింది. అన్నం పెట్టిన నీళ్లను అన్యాయంగ తిట్టొద్దు.

ఇంకో నిజం ఉన్నది. అది చెప్పాలంటే నోరు రాదు, అయినా చెప్తున్న. మన ఊర్లల్ల ఎంతమందిమి మూసీ కింద పండించిన వడ్లు మన ఇంటికి తెచ్చుకుంటున్నం? గుండె మీద చెయ్యేసుకొని చెప్పుండ్రి. నేనైతే బోరు కింద పదిహేను గుంటలు ఇంటి మందం వేరుగ పెట్టుకున్న. మూసీ కిందివి మొత్తం సెంటర్‌కు తోలుత. ఓ యాడాది నా మనవరాలు అడిగింది, "తాతా, మనం ఆ వడ్లు ఎందుకు తినం?" అని. ఏం చెప్పాలె? వాసనొస్తది బిడ్డా అన్న. "మరి కొనుక్కున్నోళ్లకు రాదా?" అన్నది. రైతు తాను తినని దాన్ని అమ్ముకునే కాడికి వచ్చిండంటే, అది పంట నష్టం కన్నా పెద్ద నష్టం. దాన్ని ఏ బీమా ఇయ్యదు.

అందుకే నేను ప్లాంట్లకు అడ్డం కాదు. ప్లాంట్లు రావాలె, జల్ది రావాలె. కానీ ప్లాంటు అంటే ఏంది, అది ఏం చేస్తది, ఏం చెయ్యదు అనేది మనకు తెల్వాలె. తెల్వకపోతే ఎవరేం చెప్పినా తలకాయ ఊపుడే అయితది.

ముందు లెక్క చూద్దాం. మురుగును ఎంఎల్‌డీలల్ల చెప్తరు. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు 10 లక్షల లీటర్లు. 2021ల సర్కారు చెప్పిన లెక్క ప్రకారం హైదరాబాద్ నగరపాలక సంస్థ హద్దుల్లనే రోజుకు 1,650 ఎంఎల్‌డీల మురుగు వస్తది. అప్పటికి ఉన్న 25 ప్లాంట్ల తాకత్ 772 ఎంఎల్‌డీలు. అంటే సగం కూడా కాదు. మిగిలిందంతా నాలాల నుంచి సీదా మూసీలకు, మూసీ నుంచి సీదా మన కాలువలకు. ఆ యాడాదే 3,866 కోట్లతోని 31 కొత్త ప్లాంట్లకు మంజూరు ఇచ్చిన్రు. వాటి తాకత్ 1,259.5 ఎంఎల్‌డీలు. పాతవి, కొత్తవి కలిపితే 2,000 దాటుతది. 2023 జూలైల కోకాపేట కాడ 15 ఎంఎల్‌డీలది మొదలైంది. నాగోలు కాడ పాతది 172, కొత్తది 320. కాయితం మీద చూస్తే లెక్క సరిపోయింది.

ఇగ ప్లాంటు లోపల ఏం జరుగుతదో చెప్త. మేం కొందరం రైతులం ఒకసారి పోయి చూసొచ్చినం. ముందుగ పెద్ద జాలీలు ఉంటయి. కవర్లు, బట్టలు, సీసాలు అక్కడ ఆగుతయి. తర్వాత ఇసుక దిగే తొట్టి. ఆ తర్వాత అసలు పని. పెద్ద తొట్టిల నీళ్లు నింపి, కింది నుంచి మిషన్లతోని గాలి కొడుతరు. ఆ గాలికి నీళ్లల్ల ఉండే కంటికి కనిపించని పురుగులు బలుస్తయి. అవి మురుగును తింటయి. మన పెంటకుప్పల పేడ మాగినట్టే ఇది కూడా, కాకపోతే నీళ్లల్ల, గంటలల్ల అయిపోతది. తర్వాత గాలి బంద్ చేస్తే ఆ పురుగులు బురదై కిందికి దిగుతయి, మీద తేట నీళ్లు నిలుస్తయి. ఆ తేటను వంచి, క్లోరిన్ కలిపి ఇడుస్తరు. కొత్త ప్లాంట్లల్ల ఇదంతా ఒక్క తొట్టిలనే వంతులవారీగ చేస్తరు. అంబర్‌పేట, నాగోలు కాడి పాత పెద్ద ప్లాంట్లు వేరే తీరు. అక్కడ గాలి లేకుండ అడుగున బురద పొరల నుంచి మురుగును మీదికి పారిస్తరు. కరెంటు తక్కువ పడ్తది, కానీ దాని తర్వాత ఇంకో దఫా శుద్ధి కావాలె.

అక్కడ పనిచేసే ఒక పిలగాడు గాజు జాడీల లీటరు నీళ్లు పట్టి బల్ల మీద పెట్టిండు. "అరగంట ఆగుండ్రి పెద్దనాయనా" అన్నడు. అరగంటల బురద మొత్తం అడుగుకు దిగి మీద తేట తేలింది. మా అమ్మ చెలిమె కాడ కూసున్నది యాదికొచ్చింది. మనుషులు కష్టపడి పనిచేస్తున్నరు, అది నేను కండ్లార చూసిన. కాబట్టి అక్కడి పనోళ్ల మీద నాకు కోపం లేదు.

ఆ నీళ్ల కొలతను బీఓడీ అంటరు. సులువుగ చెప్పాలంటే నీళ్లల్ల కుళ్లే సరుకు ఎంత ఉన్నదో చెప్పే లెక్క. ముడి మురుగుల లీటరుకు 200 మిల్లీగ్రాముల పైమాటే ఉంటది. 2017ల కేంద్రం పెట్టిన హద్దు పెద్ద పట్నాలకు 20, మిగతా వాటికి 30. 2019ల జాతీయ హరిత ట్రిబ్యునల్ 10కి దించాలె అన్నది. ఈ అంకెలు యాది పెట్టుకోండ్రి. రేపు ఎవరన్న "నీళ్లు శుద్ధి అయినయి" అంటే "బీఓడీ ఎంత సారూ?" అని అడగాలె. ఒక్క మాట అడిగితే అవతలోడు కుర్చీల సక్కగ కూసుంటడు.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. కాయితం మీద తాకత్ వేరు, తూము కాడ నీళ్లు వేరు. నా లెక్కల మూడు సందులున్నయి.

మొదటిది, ప్లాంటు కట్టుడు వేరు, నాలాను ప్లాంటు దిక్కు మలుపుడు వేరు. పైపులు కలవకపోతే ప్లాంటు ఓ పక్క, మురుగు ఓ పక్క పోతయి. వానాకాలంల వాన నీళ్లు, మురుగు కలిసి ఒక్కసారి వస్తే ఏ ప్లాంటూ పట్టలేదు, మిగిలింది ఏట్లకు ఇడుసుడే. గాలి కొట్టే మిషన్లకు కరెంటు బిల్లు మస్తు వస్తది. రాత్రి పూట బంద్ చేస్తే మనకేం ఎరుక? బోరు మోటరు బిల్లు ఎట్ల ఉంటదో మనకు తెలుసు కదా. ఖర్చు మిగిలించుకోవాలనే ఆశ అందరికీ ఉంటది.

రెండోది ఉప్పు. ఈ ప్లాంట్లు కుళ్లును తీస్తయి, కరిగిన ఉప్పును తియ్యవు. సబ్బు, సర్ఫు, ఫ్యాక్టరీల ఉప్పు అన్నీ తేట నీళ్లల్ల అట్లనే మన పొలానికి వస్తయి. కంటికి కనిపించదు, వాసన రాదు. పైన చెప్పిన మురుగు కన్నా ఇది మోసం. చెడిపోయిన నీళ్లు ఆపితే కాలు బాగైతది, చవుడు పట్టిన భూమి అంత తొందరగ బాగు కాదు.

మూడోది మందుల ఫ్యాక్టరీల నీళ్లు. 2007ల స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు కాడ ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లను పరీక్ష చేసిన్రు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. రోగి ఆ గోలీ మింగినప్పుడు రక్తంల ఉండేదాని కన్నా అది ఎక్కువ. గుర్తు పెట్టుకోండ్రి, అది శుద్ధి అయినంక బయటికొచ్చిన నీళ్లు. ఆ ప్లాంటు నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైను వేసి పట్నం మురుగు లైన్ల కలిపిన్రు, అక్కడి నుంచి అంబర్‌పేట ప్లాంటుకు. ఇండ్ల మురుగు తినే పురుగులతోని ఫ్యాక్టరీ నీళ్లు బాగు చేస్తమంటే, పాలు తోడుపెట్టే గిన్నెల పురుగుల మందు పోసినట్టే.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలె, ఇది చదివినప్పుడు నాకు గుండె పట్టినట్టయింది. ఇరవై ఏండ్ల కింద పరిశోధకులు హైదరాబాద్ నుంచి కిందికి మూసీ పొంట దాదాపు 40 కిలోమీటర్లు నీళ్ల నమూనాలు తీసిన్రు. కత్వ కత్వకు బీఓడీ తగ్గుకుంట వచ్చింది, రోగాల పురుగులు తగ్గినయి, కడుపుల కొంకిపురుగుల గుడ్లు తగ్గినయి. ఎట్ల? కత్వల కాడ నీళ్లు ఆగి బురద దిగింది. చెరువులల్ల, పొలాలల్ల నిలిచి ఎండకు బాగైంది. కానీ ఒక్కటి మాత్రం కిందికి పోయిన కొద్దీ పెరిగింది. ఉప్పు.

అర్థమైందా అన్నలారా? మన తాతలు కట్టిన కత్వలు, మన చెరువులు, మన మడులు, ఇవే ఇన్నేండ్లు పట్నానికి శుద్ధి ప్లాంట్లు. కరెంటు బిల్లు లేదు, జీతం లేదు, టెండరు లేదు. బురద మన పొలంల దిగింది, పురుగులు మన కాళ్లకు పట్టినయి, ఉప్పు మన భూమిల మిగిలింది. 2018ల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మూసీని దేశంలనే ఎక్కువ ఖరాబైన నదుల వరసల, మొదటి ప్రాధాన్యంల పెట్టింది. అంత ఖరాబైన నదిని ఇంతో అంతో బాగు చేసి కృష్ణకు పంపింది మనం. మనల్ని ఎవరూ లెక్కల రాయలే. 3,866 కోట్ల లెక్క ఉన్నది, మన లెక్క లేదు.

ఇగ ఆ ముసలాయన అడిగిన మాటకొద్దాం. మంచిగైనంక ఇడుస్తరా?

నేను కూసొని లెక్క వేసిన. 1,650 ఎంఎల్‌డీలంటే రోజుకు 165 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే దగ్గరదగ్గర 2,830 కోట్ల లీటర్లు. అంటే పదిహేడు రోజులకు ఒక టీఎంసీ. ఏడాదికి 21 టీఎంసీలు! మన సోలిపేట కాడి మూసీ ప్రాజెక్టు నిండితే 4.46 టీఎంసీలు. అంటే ఆ ప్రాజెక్టు ఏడాదికి నాలుగున్నర సార్లు నిండే నీళ్లు పట్నం నుంచి వస్తున్నయి. యాసంగి వరికి ఎకరానికి 50 లక్షల లీటర్లు వేసుకున్నా, నాలుగు నెలల నీళ్లతోని లెక్కకు 40 వేల ఎకరాలు పారుతయి. దారిల ఇంకేది, ఆవిరయ్యేది తీసేసినా తక్కువేం కాదు. వాన పడ్డా పడకున్నా వచ్చే నీళ్లివి. ఇసొంటి నీళ్లు శుద్ధి అయి నిలబడితే ఎవరికి ఆశ పుట్టదు? ఫ్యాక్టరీలకు కావాలె, బిల్డింగులు కట్టెటోళ్లకు కావాలె, పార్కులకు కావాలె. వాళ్లు పైసలిచ్చి కొంటరు. మనం ఏమిస్తం?

నేను వాళ్లకు ఇయ్యొద్దు అంటలేను. ఫ్యాక్టరీ గోదావరి నీళ్లు వాడే బదులు మురుగు శుద్ధి చేసిన నీళ్లు వాడితే మంచిదే. కానీ ముందు మన ఆయకట్టుకు ఎంత అనేది కాయితం మీద రాసినంకనే మిగిలింది ఎవరికన్న ఇయ్యాలె. గలీజుగ ఉన్నన్ని రోజులు "మీ నీళ్లే, తీసుకోండ్రి" అని, బంగారం అయినంక "ఇవి మా నీళ్లు" అంటే అది ఏ న్యాయం?

ఇది ఉత్త అనుమానం కాదు, పక్క రాష్ట్రంల పట్నం నీళ్ల కథ చూస్తే తెలుస్తది. పోయినేడు తిరుపతి క్యూల ఒకాయన కలిసిండు. ములబాగిలు దగ్గరి రైతు. కర్ణాటకనే కానీ ఇంట్ల తెలుగే మాట్లాడుతరు, కోలారు జిల్లాల అసొంటోళ్లు మస్తుమంది ఉన్నరు. గంటలకొద్దీ క్యూల నిలబడి ఏం చేస్తం, నీళ్ల ముచ్చటే పెట్టినం. బెంగళూరు మురుగును శుద్ధి చేసి, పంపులతోని ఎత్తి, కోలారు జిల్లా చెరువులల్ల నింపుతున్నరు. రోజుకు 440 ఎంఎల్‌డీల పథకం. 2018 జూన్‌ల లక్ష్మీసాగర చెరువుకు మొదట నీళ్లొచ్చినయి. కొన్నాళ్లకే ఆ చెరువుల నురుగు లేచింది. రైతులు కోర్టుకు పోయిన్రు, ముచ్చట సుప్రీంకోర్టు దాకా పోయింది.

"ఇప్పుడు ఎట్లుందన్నా?" అని అడిగిన. "బోరల్లో నీళ్లు పైకి వచ్చినాయప్పా, కాదనను. ఎండిపోయిన చెరువు నిండితే కండ్లకు పండగే. కానీ ఆ నీళ్లు రెండో విడత శుద్ధితోనే వదులుతారు. మూడో విడత కూడా చేసి వదలండి అని ఇప్పటికీ కొట్లాడుతున్నాము" అన్నడు. చూడుండ్రి, వాళ్లకు నీళ్లు లేక కొత్తగ వచ్చినయి, మనకు ముందు నుంచే ఉన్నయి. కానీ ఇద్దరి అడుగుడు ఒక్కటే. నీళ్లు కావాలె, మంచి నీళ్లు కావాలె. రెండిట్ల ఒకటి ఎంచుకోమంటే ఎంచుకోం.

కాబట్టి మనం అడగాల్సినవి నాకు తోచినవి చెప్తున్న. తప్పులుంటే సరిదిద్దుండ్రి.

ఒకటి, కొలత ప్లాంటు గేటు కాడ కాదు, కత్వ కాడ, తూము కాడ తియ్యాలె. నెలకోసారి బీఓడీ, ఉప్పు, రోగాల పురుగుల లెక్క తెలుగుల రాసి గ్రామ పంచాయతీ గోడకు అంటియ్యాలె. రేషన్ సరుకుల ధరలు గోడ మీద రాస్తరు కదా, ఇవి ఎందుకు రాయరు? గ్రామసభల ఒక తీర్మానం చేసి పై ఆఫీసుకు పంపితే పైస ఖర్చు లేదు.

రెండు, ఫ్యాక్టరీ నీళ్లు ఇండ్ల మురుగుల కలవొద్దు. ఎవని ఉప్పు వాడే తీసుకోవాలె, ఎవని మందు వాడే ఆపుకోవాలె.

మూడు, శుద్ధి అయిన నీళ్లల్ల మూసీ ఆయకట్టు వాటా ఎన్ని టీఎంసీలు, ఏ నెలల ఎంత అనేది జీవోల రాయాలె. నోటి మాట వద్దు. 2024 నవంబర్‌ల ముఖ్యమంత్రి మన సంగెం కాడ మూసీ పొంట నడిచి, మన ముచ్చట్లు విన్నడు. విన్నందుకు సంతోషమే. ఏ పార్టీ సర్కారు ఉన్నా నేను ఇదే అడుగుత. వాటా కాయితం మీద పెట్టుండ్రి.

నాలుగు, ప్లాంటు బురద. శుద్ధి ఎక్కువైన కొద్దీ బురద ఎక్కువ వస్తది. అది ఎక్కడికి పోతది? రేపు ఎవరో వచ్చి "ఫుకట్ ఎరువు, ట్రాక్టర్ కిరాయి ఇస్తే చాలు" అంటరు. ఆశపడొద్దు. నీళ్లల్ల ఉండే సీసం, కాడ్మియం అసొంటి లోహాలు ఎక్కువ శాతం ఆ బురదలకే దిగుతయి. పరీక్ష రిపోర్టు చూపిస్తేనే పొలంల పోయించుకోండ్రి.

ఇగ మనం చేసుకునేవి కూడా ఉన్నయి. అన్నీ సర్కారే చెయ్యాలె అంటే కాదు.

యూరియా లెక్క మార్చుకోవాలె. ముడి మురుగుల లీటరుకు 40 మిల్లీగ్రాముల దాకా నత్రజని ఉంటది. ఎకరానికి 50 లక్షల లీటర్లు పారిస్తే లెక్కకు 200 కిలోలు! వరికి కావాల్సింది 48 నుంచి 60 కిలోలు. అంటే తొమ్మిది పది బస్తాల యూరియా అంత నత్రజని నీళ్లల్లనే వస్తున్నది. అందుకే మన వరి ఏపుగ పెరిగి, పడిపోయి, తాలు ఎక్కువైతది. దోమ, తెగులు ఊకె వస్తయి. దాని మీద మనం ఇంకో రెండు బస్తాలు చల్లుతం, అలవాటు మరి. నేను మూడు సాలల నుంచి మూసీ కింద అడుగు మందు తప్ప పెద్దగ యూరియా వేస్తలేను, దిగుబడి తగ్గలే. కానీ నీళ్లు శుద్ధి అయినంక ఆ నత్రజని తగ్గుతది. అప్పుడు మళ్ల వేసుకోవాల్సి వస్తది. ఎప్పుడు, ఎంత అనేది మట్టి పరీక్షతోనే తెలుస్తది. ఇదిగో, దీనికోసం కూడా నీళ్ల లెక్క గోడ మీద ఉండాలె అంటున్న.

ఉప్పు చూసే చిన్న మీటరు దొరుకుతది, పెన్ను అంత ఉంటది. ఊర్ల పదిమంది కలిసి ఒకటి కొనుక్కోండ్రి. దాంట్ల ఈసీ అని వస్తది. 0.7 లోపల ఉంటే భయం లేదు. 0.7 నుంచి 3 దాకా జాగ్రత్త పడాలె. 3 దాటితే ఆ నీళ్లతోని పొలానికి నష్టమే. నెలకోసారి తూము కాడ చూసి, తారీఖు వేసి నోటుబుక్కుల రాయుండ్రి. ఆఫీసుల మనం ఏడిస్తే వినరు, నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెడితే వింటరు. ఇది నేను అనుభవంతోని చెప్తున్న. ఒక ఆఫీసుకు నాలుగు సార్లు తిరిగిన. నాలుగోసారి ఆరు నెలల రాతలు చూపించినంకనే సారు కుర్చీ చూపించిండు.

మడిల దిగేటప్పుడు బూట్లు ఏసుకోండ్రి. కైకిలి అక్కలకు కూడా కొనియ్యాలె. వాళ్ల కాళ్లు కూడా కాళ్లే. పచ్చిగ తినే ఆకుకూరలు, కొత్తిమీర, పుదీన మూసీ నీళ్లతోని పెట్టొద్దు. పట్నపోడు మనకు చేసింది మనం పట్నపోని పిల్లలకు చెయ్యొద్దు.

కొందరు అంటరు, "నువ్వు ఇవన్నీ రాస్తే మూసీ వడ్లు ఎవడూ కొనడు, మన కడుపు మీద నువ్వే కొడుతున్నవ్" అని. ఈ మాట నాకు ఇంట్ల కూడా వచ్చింది. నా జవాబు ఒక్కటే. దాచిపెడితే మిల్లరుకు తెల్వదా? ఇప్పటికే "మూసీ మాల్" అని కోత పెడుతలేరా? దాచినన్ని రోజులు ధర తగ్గుతది, జబ్బు పెరుగుతది. మన కాగితంల మన నీళ్ల రిపోర్టు మంచిగుంటే, ఆ రిపోర్టే మన వడ్లకు ధర తెస్తది.

ఇంకొందరు అంటరు, "గోదావరి నీళ్లు తెచ్చి మూసీల పోస్తరట కదా, అన్నీ కొట్టుకపోతయి" అని. మంచి నీళ్లు పోస్తే మురుగు పలుచనైతది, పోదు. పెండ పడ్డ కుండల ఎన్ని పాలు పోసినా పెండ పెండనే. ముందు కుండ కడగాలె.

చివరగ ఒక్క మాట. ప్లాంటు అంటే ఒట్టి సిమెంటు తొట్టి కాదు. పైన ఉన్నోడు తన మురుగును తాను చూసుకుంట అని కింద ఉన్నోనికి ఇచ్చే మాట అది. ఆ మాట నిలబడ్డదా లేదా అనేది రిబ్బన్ కత్తిరించిన కాడ తెల్వదు. కిలోమీటర్ల కొద్దీ కింద, మన తూము కాడ తెలుస్తది. నా మనవరాలు మూసీ కింద పండిన అన్నం మా ఇంట్ల తిన్న రోజు, ఆ ప్లాంట్లు పనిచేసినట్టు నేను ఒప్పుకుంట.

మీ ఊరు పేరు, మీ కత్వ పేరు, మీ తూము కాడ నీళ్లు ఇప్పుడు ఎట్లున్నయో కింద రాయుండ్రి. ఫోటో పెడితే ఇంకా మంచిది. వచ్చే గ్రామసభల తీర్మానం పెట్టెటోళ్లు చెప్పుండ్రి, మా ఊర్ల రాసుకున్న కాయితం పంపుత. నచ్చితే మీ ఊరి గ్రూపుల షేర్ చెయ్యుండ్రి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పుండ్రి, తిట్టినా చదువుత.

జై కిసాన్.